కోమ్ అల్ తూబ్‌లో నాలుగు పెళ్లిళ్లు

వహీబా పోయిన రోజు పొద్దున్నే పట్నంలో చావులు ఆగిపోయాయి. ఆ సంగతి టముకు వేసి మరీ చెప్పారు.

"ఇందుమూలంగా ప్రజలకు తెలియజేయడమేమనగా!" టముకువాడు మసీదు మలుపులో నిలబడి అరిచాడు. "పరిశుభ్రతా మహాసభకు పన్నెండు దేశాల డెలిగేట్లు నేడు మన రేవులో దిగుతున్నారు. ఆదివారం వారు తిరిగి ఓడ ఎక్కేదాకా పట్నంలోగానీ శివారు పేటల్లోగానీ ఏ మరణమూ సంభవించరాదు. ఆరోగ్య శాఖ డైరెక్టరు పెంబర్టన్ దొరగారి ఉత్తర్వు!"

పెంబర్టన్ దొర సామాన్యుడు కాదు. ఆంగ్లేయులు ఈజిప్టుకు సలహాలివ్వడానికి పంపిన వాళ్లలో అంత తెలివైనవాడు లేడని పత్రికలు రాశాయి. ఆయన వచ్చేనాటికి పట్నంలో ఏటా వెయ్యిమందికి నలభైముగ్గురు చచ్చేవారు. రెండేళ్లలో దాన్ని ఇరవైతొమ్మిదికి దించారు. ఇందుకోసం ఒక్క మందుసీసా కూడా వృథా చెయ్యలేదు. మొదటి ఏడు పెద్దాసుపత్రిని పట్నం ఎల్లలోంచి తప్పించారు. రెండో ఏడు జైలును తప్పించారు.

బస్యూనీ టముకు విన్నాడుగానీ అర్థం చేసుకోలేదు. అతను కోమ్ అల్ తూబ్ పేటలో పందిళ్ల మేస్త్రీ. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన డేరాలు, కర్రలు, తాళ్లు, బెంచీలు అతని ఆస్తి. ఆ తెల్లవారుజామున అతని పెద్ద కూతురు వహీబా రెండు వారాల నీళ్ల జ్వరం తర్వాత కన్నుమూసింది. పిల్లకు ఏడేళ్లు. పూడ్చడానికి చీటీ కావాలి. చీటీ రాసేది మంగలి దస్సూకీ. పేటలో టీకాలు వేసేదీ, సున్తీలు చేసేదీ, చావులు రాసేదీ అతనే. ఆ అధికారం సర్కారే ఇచ్చింది.

"పిల్ల మిగిల్చిన ఆయుష్షు నీకు చేరాలి, మేస్త్రీ," అని పరామర్శించాడు దస్సూకీ, ఎవరిదో గడ్డం గీస్తున్న కత్తి ఆపి.

"నీ ఆయుష్షు నిలవాలి. చీటీ రాయన్నా. ఎండెక్కకముందే తీసుకెళ్లాలి."

"తీసుకెళ్లు. పూడ్చడానికి అడ్డం లేదు. చావడానికే వీల్లేదు."

"పోయింది కదన్నా."

"నీకు పోయింది. నాకు పోయింది. డిపార్ట్‌మెంటుకి సోమవారం పోతుంది. టముకు వినలేదూ?"

"చావు రాయకుండా గుంట ఎవరు తవ్వుతారు?"

"తవ్వుతారు. వాళ్లకి వేరే ఉత్తర్వు వచ్చింది."

గడ్డం గీయించుకుంటున్నాయన నురగలోంచే మాట్లాడాడు. "మా మామ నిన్ననే పోయాడు. బతికినన్నాళ్లూ ఏ పనీ వేళకి చేసినవాడు కాదు. ఇదొక్కటే వేళకి చేశాడు."

బస్యూనీ గుమ్మంలోనే నిలబడ్డాడు. "సోమవారమైనా సరే. నీళ్ల జ్వరమనే రాయాలి. ఇంకో మాట రాయకన్నా."

"నాకు తెలీదా? నేను తాగేదీ ఆ కాలవ నీళ్లే."

ఈ పట్టుదలకు కారణముంది. ఏడాదిలో నీళ్ల జ్వరం కింద ఇరవై చావులు రాసి ఉన్న పేటకు వడపోత నీళ్ల గొట్టం వేస్తామని డిపార్ట్‌మెంటు మాట ఇచ్చింది. ఉదారమైన పథకం. కోమ్ అల్ తూబ్ పంతొమ్మిది దగ్గర ఆగి ఉంది. ఏడాది ముగియడానికి నెల కూడా లేదు. ఆ మిగిలిన ఒక్కటీ ఎవరింటి నుంచి రావాలో పేటలో ఎవరూ పైకి అనలేదు. ఎవరి పిల్ల దగ్గినా అందరూ మర్యాదగా చూపు తిప్పుకునేవారు.

అందుకే ఆ ఉదయం పరామర్శకు వచ్చినవాళ్లు కొంచెం ఇబ్బంది పడ్డారు. ఏడుపుతోబాటు కృతజ్ఞత కూడా చెప్పాల్సి వచ్చింది. "నీ బిడ్డ పుణ్యాన మా పిల్లలు మంచినీళ్లు తాగుతారు, తల్లీ," అంది ఒకావిడ, వహీబా తల్లి తఫీదా చేతులు పట్టుకుని. తఫీదా ఒళ్లో చిన్నది జలీలా నిద్రపోతోంది. దానికి రెండేళ్లు. అదీ ఆ కాలవ నీళ్లే తాగుతోంది.

"వహీబా నాయనా," అంది తఫీదా అందరూ లేచాక. "నీళ్లనే రాయించు. దీనికోసం."

పిల్లను మట్టిచేసి వచ్చి బస్యూనీ తన ఇంటిముందు తానే పందిరి వేసుకున్నాడు. పెద్ద రోడ్డు పొడుగునా అప్పటికే అతను వేసిన చావు పందిళ్లు మూడున్నాయి. ఒకటి మంగలి దగ్గర కనిపించినాయన మామది. ఒకటి ఇటుకల బట్టీలో కాలినవాడిది. ఒకటి ఒక బాలింతది. సాయంత్రమయ్యేసరికి షేక్ వచ్చి ఖురాన్ మొదలుపెట్టాడు. చావింట ఇచ్చే చక్కెరలేని కాఫీ తిరుగుతోంది. అప్పుడు గుర్రబ్బండి దిగాడు ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ నషాత్ బే.

"ఏమిటిది?"

"చావు పందిరి, బేగారూ."

"ఎవరి చావు?"

"మా అమ్మాయిది."

"ఎప్పుడు పోతుంది?"

"పొద్దున పోయింది, బేగారూ."

"నిన్ను పోయిందా అని అడగలేదు. ఎప్పుడు పోతుందని అడిగాను. సోమవారం. సోమవారం చావుకి గురువారం పందిరేమిటి? అంత తొందరేమిటి మీ వాళ్లకి?"

నషాత్ బే గడియారం తీసి చూసుకున్నాడు. డెలిగేట్ల బళ్లు రేవు నుంచి బయల్దేరాయి. పందిరి విప్పే వ్యవధి లేదు. ఇలాంటి ఘడియలోనే గొప్ప అధికారి బయటపడతాడు. ఆయన డేరా గుడ్డ పట్టుకుని ఎరుపునీ నీలాన్నీ తేరిపార చూశాడు.

"మేస్త్రీ, పెళ్లికి ఏ డేరా వేస్తావు?"

"ఇదే, బేగారూ."

"ఇదే?"

"నాకున్నవి ఇవే. పెళ్లికైతే లాంతర్లు ఎక్కువ కడతాను."

"అయితే కట్టు!"

అరగంటలో నాలుగు పందిళ్లకూ లాంతర్లు వచ్చాయి. కాఫీలో చక్కెర పడింది. ఆ చక్కెర ఖర్చు డిపార్ట్‌మెంటే పెట్టుకుంది. "మరి నేను?" అని షేక్ అడిగాడు. "నువ్వు కానియ్. పెళ్లికీ అదే కదా చదివేది," అన్నాడు బే. లోపల ఆడవాళ్ల ఏడుపు సంగతి ఎవరో గుర్తుచేశారు. పెళ్లిలో ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ పెట్టే కేకలు పొలిమేర దాకా వినిపిస్తాయి. ఈ ఏడుపూ అంతదూరం వినిపిస్తోంది. "బండిలోంచి వింటే రెండూ ఒకటే," అని బే తీర్పు చెప్పాడు.

దొరలు వచ్చారు. పెంబర్టన్ దొర కర్రతో నాలుగు పందిళ్లనూ చూపించారు. చావులు తగ్గినచోట పెళ్లిళ్లు పెరగడం ప్రకృతి నియమమనీ, ఒక్క రోడ్డులో నాలుగు ముహూర్తాలు లండన్‌లోనైనా కనపడవనీ సెలవిచ్చారు. డెలిగేట్లు పుస్తకాల్లో రాసుకున్నారు. తెల్లగడ్డం డెలిగేటొకరు ముచ్చటపడి బండి దిగి, బస్యూనీ చెయ్యి పట్టుకుని ఊపారు. నషాత్ బే తర్జుమా చేశాడు.

"పెళ్లికూతురి తండ్రికి అభినందనలంటున్నారు. పేరేమిటంటున్నారు."

"వహీబా."

"ఎన్నేళ్లంటున్నారు. ఆలోచించి చెప్పు."

బస్యూనీ ఆలోచించలేదు. ఎవరైనా ఆ మాట అడిగినప్పుడు రోజూ చూపినట్టే, అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపించాడు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

డెలిగేటు తన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం ఆ పందిట్లో బాహాటంగా ఏడ్చిన మగవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లకు ఉత్తర్వుంది.

ఆదివారం మహాసభ ముగిసింది. పట్నంలో నాలుగు రోజులపాటు ఒక్క చావూ లేనందుకు పెంబర్టన్ దొరను పన్నెండు దేశాలూ లేచి నిలబడి అభినందించాయి. పనిలో పనిగా, కోమ్ అల్ తూబ్‌లో కళ్లారా చూసిన బాల్యవివాహాల దురాచారంపై కమిటీ వెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి.

సోమవారం బస్యూనీ మంగలి కొట్టుకు వెళ్లేసరికి కుర్చీలో నషాత్ బే కూర్చుని ఉన్నాడు. పక్కన దస్సూకీ కలం పట్టుకుని నిలబడ్డాడు. అతను తలెత్తలేదు.

"రా మేస్త్రీ," అన్నాడు బే ఆప్యాయంగా. "నీ పనే చూస్తున్నాం. అమ్మాయి ఇవాళ పోయింది కదా?"

"గురు..." అని బస్యూనీ ఆగాడు. "ఇవాళే, బేగారూ. నీళ్ల జ్వరం."

"కాదు. బాల్యవివాహం."

"బేగారూ?"

"కమిటీ వేశారుగా. దురాచారం వల్ల నష్టమేమిటని అడిగితే చూపించడానికి మొదటి కేసు కావాలి. గురువారం పెళ్లి, సోమవారం చావు. ఇంతకంటే స్పష్టమైన కేసు ఏ దేశంలోనూ దొరకదు."

"పెళ్లి ఎక్కడైంది, బేగారూ? లాంతర్లు మీరేగా కట్టించారు!"

"పన్నెండు దేశాలవాళ్లు చూశారయ్యా. నువ్వొక్కడివి కాదంటే సరిపోతుందా?"

"మరి పెళ్లికొడుకెవరు?"

"అది కమిటీ విచారిస్తుంది."

బస్యూనీ దస్సూకీ వైపు చూశాడు. దస్సూకీ కలం వైపు చూసుకున్నాడు.

"అన్నా, నువ్వు చెప్పు. నీ పిల్లలూ ఆ నీళ్లే కదా."

"బేగారూ," అన్నాడు దస్సూకీ గొంతు సవరించుకుని, "పోనీ రెండూ రాస్తే? బాల్యవివాహం, నీళ్ల జ్వరం."

"నువ్వు గడ్డాలు గియ్యి, దస్సూకీ. స్టాటిస్టిక్స్ జోలికి రాకు. ఒక్క మనిషికి రెండు కారణాలు రాస్తే ఒక్క మనిషే రెండుసార్లు చచ్చినట్టు లెక్క. రేటు పెరగదూ?"

దస్సూకీ రాశాడు.

"రాశారా?" అని అడిగింది తఫీదా ఇంటి దగ్గర.

"రాశారు."

"నీళ్లనేనా?"

బస్యూనీ కూజా మీది మూత తీసి చూసి, మళ్లీ పెట్టేశాడు. 

ఆ నెలలో పేటలో నీళ్ల జ్వరంతో ఎవరూ పోలేదు. దేవుడి దయ. ఏడాది పంతొమ్మిదితో ముగిసింది. కొత్త ఏడు లెక్క, నియమం ప్రకారం, సున్నా నుంచి మొదలైంది. పెంబర్టన్ దొర వార్షిక నివేదికలో మరణ కారణాల పట్టికకు కొత్త వరస చేర్చారు. అందులో అంకె ఒకటి. సమస్యను అంత చిన్నదిగా ఉండగానే పసిగట్టినందుకు ఆయనకు బిరుదు వచ్చింది.

కమిటీ మొదటి సమావేశం కోమ్ అల్ తూబ్‌లోనే పెట్టారు. పందిరి బస్యూనీ చేతే వేయించారు. ఈసారి ఎలాంటి లాంతర్లు కట్టాలని అతను అడిగితే, మధ్యస్థంగా కట్టమన్నాడు నషాత్ బే. సభ్యులు తాగడానికి పట్నం నుంచి పీపాల్లో వడపోత నీళ్లు బండిమీద వచ్చాయి. ఉపన్యాసాలు చాలా బాగున్నాయి. సభ్యులు వెళ్లాక మిగిలిన నీళ్లను, దుమ్ము రేగకుండా, బండివాడు రోడ్డుమీద చల్లాడు. తఫీదా చంకలో జలీలానూ చేతిలో కూజానూ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పీపాలు బోర్లించి ఉన్నాయి.

కోమ్ అల్ తూబ్‌కు నీళ్ల గొట్టం ఇంకా వెయ్యలేదు.