తనంతట చుట్టుకున్న చీర

పాపిరెడ్డిపట్టి దగ్గరి మగ్గాల వీధికి ఎనభై నాలుగులో ఆధునిక యుగం వచ్చింది. టౌను బస్సు ఆలస్యమైనందువల్ల సరిగ్గా భోజనాల వేళకు వచ్చింది. గోనెసంచిలో చుట్టి తెచ్చిన ఆ యుగాన్ని నేత సంఘం అధ్యక్షుడు, అందరి నోటా తలైవరు, బాలసుందరం స్వహస్తాలతో దించాడు. ఎవరింట్లో బిగించాలా అని వీధంతా కలియజూసి తిమ్మరాయన్ ఇంటి ముందు ఆగాడు. ఆ ఇంటికి కొత్తగా సున్నం కొట్టి ఉంది, ఫోటోలో బాగా పడుతుంది.

పరికరం గొప్పది. మామూలుగా నేతగాడు జానెడు నేశాక ఆగి, పడుగు వదులు చేసి, బట్టను ముందున్న దూలానికి చేత్తో చుట్టుకోవాలి. ఇక ఆ బాధ లేదు. కొత్త దూలం చివర పళ్ల చక్రం ఉంది, దాన్ని పట్టే కొక్కెం ఉంది. పేకను కొట్టిన ప్రతి దెబ్బకూ చక్రం ఒక పన్ను జరిగి, బట్ట తనంతట తానే చుట్టుకుంటుంది. సేలంలో చుట్టుకుందట. పాత దూలం వెనుకబాటుతనానికి గుర్తు కనుక దాన్ని అప్పుడే సంఘం గోడౌనుకు తరలించారు.

కొత్త ఇనుము ఇంటికొస్తే పూజ చేయకుండా ముట్టుకునే అలవాటు ఆ వీధిలో లేదు. పూజారి మాదయ్య ఏ పంటి సందుకూ అన్యాయం జరగకుండా పసుపు, గంధం, కుంకుమ దట్టించాడు. తెల్లారేసరికి గంధం రాయిలా బిగుసుకుంది. కొక్కేనికి పట్టు దొరక్క జారిపోతోంది, చక్రం కదలదు. తిమ్మరాయన్ పుల్లతో గీకబోతే మాదయ్య అడ్డుపడ్డాడు. అమ్మవారి కుంకుమను పుల్లతో గీకుతావా, పండగనాడు మళ్లీ పూజ చేసేదాకా చెయ్యి పెట్టకూడదన్నాడు. పోనీ ఊడదీద్దామంటే తలైవరు అడ్డుపడ్డాడు. పెద్దాఫీసరు చూసేదాకా సర్కారు సొత్తు మీద మరమేకు తిప్పడం నేరమన్నాడు. అలా తిమ్మరాయన్ మగ్గానికి ఒక పక్క దేవుడూ, ఒక పక్క ప్రభుత్వమూ కాపలా కూర్చున్నారు. అంతటి రక్షణ ఆ వీధిలో మరే మగ్గానికీ దక్కలేదు.

అతని దిగులు మాత్రం వేరు. ఏటా సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో చౌడమ్మ పండక్కి అమ్మవారి చీర ఆ ఇంటి మగ్గం మీదే దిగాలి. చీర నేసి తెచ్చిన మనిషికి కోవెల్లో ఊరంతా చూస్తుండగా తలకు పట్టుగుడ్డ కడతారు. దాన్ని పరివట్టమంటారు. తాతకు కట్టారు, తండ్రికి కట్టారు, ఇన్నేళ్లుగా అతనికీ కడుతున్నారు. చీర నిలిచిపోతే ఆ మర్యాద ఎదురింటి వీరప్పకు పోతుంది. వీరప్ప అప్పుడే క్రాపు చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

దారి చూపింది భార్య పంచవర్ణం. "దూలానికి తాడు చుట్టి, కిటికీలోంచి వంటింట్లోకి ఇయ్యి మామా. నువ్వు కొట్టే సద్దు ఇని నేను లాగుతాను," అంది.

యంత్రం ఆ విధంగా పనిచేయడం మొదలుపెట్టింది. తాడు వదిలితే పడుగు సడలిపోతుంది కనుక లాగే ఆ యంత్రానికి చెయ్యి ఖాళీ అయ్యే వీల్లేదు. పంచవర్ణం అరచేతులు బొబ్బలెక్కాయి. చీర మాత్రం తనంతట తానే చుట్టుకుంటూ పోయింది.

చీర ముగింపుకొచ్చిన రోజే పెద్దాఫీసరు జీపు దిగాడు. చక్రాన్ని కొక్కెం పట్టకపోవడం, కిటికీలోకి పోయిన తాడు ఆయన గమనించలేదు. బొట్టు పెట్టుకున్న యంత్రాన్ని అదేపనిగా చూడడం మర్యాద కాదనుకున్నాడు కాబోలు. ఇంటావిడ కనబడదేమని అడిగాడు. తిమ్మరాయన్, మిషను వచ్చినాక ఆడోళ్లకు పనేముంది సార్, లోపల కొత్త స్టవ్వు కాడ సుఖంగా కూర్చోనుండాది అన్నాడు. ఆఫీసరు మురిసిపోయి, పరికరం వల్ల స్త్రీజాతికి విశ్రాంతి లభించిందని రాసుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నా కాఫీ రాకపోయేసరికి, విశ్రాంతి వల్ల స్త్రీలలో బద్ధకం ప్రబలే ప్రమాదముందని కూడా రాసుకున్నాడు. ప్రయోగం దివ్యంగా విజయవంతమైంది. వీధిలోని ప్రతి మగ్గానికీ ఒక పరికరం మంజూరైంది. పూజలయ్యాక ప్రతి కిటికీకీ ఒక తాడును ఎవరికి వారే సమకూర్చుకున్నారు.

పండగనాడు ఆఫీసరు అనుమతితో యంత్రాన్ని ఊడదీసి, మేళతాళాలతో కోవెలకు తెచ్చారు. బాలసుందరం మైకు అందుకున్నాడు.

"మహాజనులారా, ఇన్నాళ్లూ మన తల్లి మనిషి నేసిన చీర కట్టింది. నేడు మానవ హస్తం సోకని చీర కడుతున్నది. కావున ఈ ఏటి పరివట్టం ఆ చీరను సాధించిన వారికే చెందడం ధర్మం."

తిమ్మరాయన్ ముందుకొచ్చి తల వంచాడు. మాదయ్య అతన్ని దాటుకుని పోయి, పట్టుగుడ్డను పళ్ల చక్రానికి చుట్టి ముడి వేశాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నిజం చెబుదామంటే వంటింట్లో తాడు సంగతి ఆఫీసరు దాకా పోతుంది. వంచిన తలను అలాగే ఇంటికి మోసుకొచ్చాడు.

"నేసింది నేను, మర్యాద ఆ ఇనపముక్కకా?" అని గోడకేసి మొత్తుకున్నాడు.

పంచవర్ణం అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. "నూలుకు గంజి పెట్టింది నేను, కండెలు చుట్టింది నేను. ఇన్నేండ్లు పరివట్టం నీకే కట్టినారు. నేనేమన్నా అడిగినానా మామా? రా, అన్నం తిను," అంది.

అతను పీట మీద కూర్చుని తిన్నాడు. ఆమె మనసు కష్టపెట్టానని తోచి, ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాడు. పులుసు అద్భుతంగా కుదిరింది. "కొత్త స్టవ్వు బాగా పనిచేస్తావుందే," అన్నాడు.

నవ్వకండి. ఈ కథ చదువుతూ తమరు తాగుతున్న కాఫీ బాగుందంటే, ఆ గొప్ప కూడా గ్యాసు పొయ్యిదే కదా.