తేనెరంగు ఫ్లెక్సీ

"ఏడవకండమ్మా! ఆవిడ ఇక్కడే ఉంది!"

బెదియాకో వాకిట్లో నిలబడి గొంతు చించుకుంటున్నాడు. వినేవాళ్లెవరు? ఎరుపూ నలుపూ బట్టలు చుట్టుకున్న ముప్ఫైమంది ఆడవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకుని, శోకాలు తీస్తూ గేటు దాటి లోపలికి వచ్చేశారు. వాళ్ల వెనక చావు డప్పులు. డప్పుల వెనక శవపేటికల దుకాణం ఆయన, చేతిలో కొలతల టేపుతో సహా.

వాళ్లు ఎవరి కోసం ఏడుస్తున్నారో ఆ నానా పొకువా వాకిలి పక్క వంటగదిలో పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని అరటికాయలు కాల్చుకుంటోంది.

"ఎవరు పోయారే?" అని అడిగింది ముందున్నామెను.

"ఇంకెవరు, నువ్వే కదమ్మా..." అంటూ తలెత్తిన ఆ మనిషి కెవ్వున అరిచి డప్పులవాడి మీద పడింది.

తప్పంతా ఫ్లెక్సీది. శనివారం నానాకి ఎనభై నిండుతాయి. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన, ఆపైన విందు. కుమాసీ ఊళ్లో పది కూడళ్లలో ఆవిడ ఫొటో పెట్టారు. ఫొటోలో ఆవిడ కట్టింది తేనెరంగు బట్ట. ఫ్లెక్సీ మీద అది ఇటుకరంగులో దిగింది. ఇక్కడ ఇటుకరంగంటే చావుకి కట్టే రంగు. కూడలిలో అంత పెద్ద ముఖం, ఆ రంగు బట్ట కనిపించాక కింద అక్షరాలు ఎవరు చదువుతారు? చదివిన ఒకరిద్దరికీ 'ఎనభై ఏళ్లు' అన్న ముక్కే కంటబడింది.

వాటిని కంప్యూటర్ మీద తయారుచేసింది బెదియాకో. నానా మనవరాలు సెర్వాని పెళ్లాడాలని అతని ఆశ. పిల్ల విషయంలో మాట ఆమె మేనమామ, నానా కొడుకు అజెకుమ్‌ది. "ఇంట్లో కూర్చుని రంగులు దిద్దేవాడికి పిల్లనెలా ఇస్తాం? మా అమ్మ ఫ్లెక్సీలు సరిగ్గా చెయ్యి. ఆదివారం ఆచారం ప్రకారం మందు సీసాలు పట్టుకొచ్చి, పిల్లనడగడానికి మా తలుపు తట్టు" అని ఆయన షరతు పెట్టాడు.

అందుకే బెదియాకో రంగులు కొలిచే పరికరం ఒకటి అరువు తెచ్చాడు. కిటికీకి దుప్పటి కట్టి, మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, ఎలుకంత ఆ పరికరాన్ని తెరకు ఆనించి ఒక్కొక్క రంగూ కొలిపించి సరిచేశాడు. ఇక తన తెర అబద్ధం చెప్పదని ఊరంతా చెప్పుకున్నాడు.

అంతలో ఆ ఏడుపుల మధ్యకి అజెకుమ్ కూడా వచ్చాడు. ఒంటి మీద నల్లబట్ట, కళ్లలో నీళ్లు.

"పొద్దున నాతో కూర్చుని గంజి తాగావు కదరా!" అంది నానా.

"కూడలిలో చూశానమ్మా! ఒకచోటైతే నమ్మేవాణ్ని కాదు, పదిచోట్ల ఉంది!" అని కళ్లు తుడుచుకుని ఆయన బెదియాకో మీదికి తిరిగాడు. "బతికున్న మా అమ్మని చంపావు. సెర్వాని మర్చిపో!"

బెదియాకో ప్రింటింగ్ వాళ్లకు ఫోన్ చేశాడు. "నువ్వు పంపిందే వేశాం. ముందు నమూనా ముక్క చూడమంటే, కొలిచిన తెర ఉండగా ఎందుకన్నావుగా?" అని వాళ్లు పెట్టేశారు.

రెండు వీధుల అవతలి ఇంటికి పరుగెత్తి మానిటర్‌నీ ల్యాప్‌టాప్‌నీ ఆ పరికరాన్నీ చంకలో పెట్టుకొచ్చాడు. వెలుతురు పడకుండా నానా కూర్చున్న వంటగది తలుపులు మూయించి, తెరకు పరికరం ఆనించాడు. ముప్ఫైమందీ ఏడుపు ఆపి తలుపు సందుల్లోంచి చూశారు. తెర నీలంగా ఉందని తేలింది.

"కొలిచాక ఎవరో మానిటర్ వెనక బటన్ నొక్కారు నానా. తెర నీలమైంది. అది తెలీక, బొమ్మలోనే ఎరుపు తగ్గిందనుకుని నేను ఎక్కించాను."

"నీ గదిలోకి ఎవరొచ్చారు?"

బెదియాకో పరికరం తీగ చుట్టసాగాడు. వచ్చింది ఒక్కరే. ఆ ఒక్కరి కోసం చల్లటి మాల్ట్ పానీయం సీసా తేవడానికి తను బయటికెళ్లాడు. ఇప్పుడు పేరు చెబితే సెర్వా దక్కదు. చెప్పకపోయినా దక్కదు.

"వీడే నొక్కుకుని ఉంటాడమ్మా," అన్నాడు అజెకుమ్. "లేకపోతే వెనకెక్కడో ఉన్న మూడో బటన్ ఎవరికి కనబడుతుంది?"

నానా అట్లకాడ కింద పెట్టింది.

"మూడోదని నీకెవరు చెప్పార్రా?"

డప్పులవాడు తలుపు సందులోకి మెడ చాచాడు. అజెకుమ్ చెప్పులవైపు చూశాడు.

"కింద మూల నా ఫొటో కూడా ఉంది కదమ్మా. అందులో కొత్తగా కట్టించుకున్న పళ్లు పచ్చగా కనిపించాయి. నాలుగుసార్లు నొక్కేసరికి కొబ్బరిముక్కల్లా తెల్లబడ్డాయి. ఇంత అవుతుందని నాకేం తెలుసు?"

"బెదియాకో, ఆదివారం వచ్చి తలుపు తట్టు. తీసేది నేనే," అని నానా పీట మీంచి లేచి, వాకిట్లోకి వచ్చింది. శవపేటికల ఆయన అలవాటు కొద్దీ టేపు సాగదీశాడు. ఆవిడ దాన్ని పక్కకు తోసి, ఆడవాళ్లకేసి తిరిగింది.

"తల్లుల్లారా, కళ్లు తుడుచుకోండి. నన్ను చంపినవాడు దొరికాడు. మా అజెకుమ్!"