జంట భోషాణాలు

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చాలా సులువైనది. అత్తగారు భోజనాల వేళకు వస్తారు. ఆలోగా ఆవిడ భోషాణానికి మారు తాళంచెవి చేయించాలి. కొడుకు దగ్గర కొన్నాళ్లుండి వస్తానంటూ ఆవిడ తన నగల భోషాణాన్ని ఈయనకు అప్పగించి వెళ్లారు. ఈయన తాళంచెవిని ఎంత భద్రంగా దాచారంటే, ఇప్పుడు అది ఈయనకే దొరకడం లేదు.

"కంగారెందుకే? చిటికెలో పని," అన్నారు భార్యతో.

తాళాల మేస్త్రి వచ్చి, కంతలో తీగ పెట్టి అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు. "పాతకాలం తాళమండీ. నమూనా ఉంటే చేస్తాను. లేదంటే పగలగొట్టాల్సిందే."

పగలగొడితే అత్తగారికి తెలిసిపోతుంది. అయినా అల్లుడుగారు అధైర్యపడే మనిషి కాదు. పక్క వీధిలో ఉన్న అత్తగారి అక్కకూ అచ్చం ఇలాంటి భోషాణమే ఉంది. తండ్రి ఇద్దరు కూతుళ్లకూ ఒకే వడ్రంగితో చేయించాడు. వెంటనే అక్కడికి వెళ్లి, "పెద్దత్తయ్యా, మా తాళంచెవి తుప్పుపట్టింది. మీది కాసేపు ఇప్పించండి, కొలత చూసి ఇచ్చేస్తాను," అన్నారు. ఆవిడ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ఇచ్చి, దాన్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక తనూ వెంట బయలుదేరారు.

"ముందు ఇదే పెట్టి చూద్దాం," అన్నాడు మేస్త్రి. పెట్టి తిప్పాడు. తాళం ఊడివచ్చింది.

అల్లుడుగారు మీసం దువ్వుకుని మూత ఎత్తారు. లోపల ఒక పాత దిండు, నాలుగు కలరా ఉండలు ఉన్నాయి. అంతే.

"అమ్మ నగలేవండీ?" అంది భార్య నీరసంగా.

"నేను లోపల చెయ్యి పెట్టలేదు, మీరే సాక్ష్యం," అంటూ మేస్త్రి గుమ్మం వైపు జరిగాడు.

పెద్దత్తగారికి వేరే దిగులు పట్టుకుంది. "నా తాళంచెవితో దాని పెట్టె తెరుచుకుందంటే, దాని తాళంచెవి దొరికినవాడు నా పెట్టె తెరవచ్చన్నమాట. తుప్పుపట్టిందన్నావే, ఏదీ అది? చూపించు అల్లుడూ."

అల్లుడుగారు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డారు.

"దొంగ చేతికి తాళాలిచ్చి వెళ్లింది నా చెల్లెలు," అన్నారు పెద్దత్తగారు.

"ఆయన పారేసుకున్నారు గానీ, దొంగ కాదు పెద్దమ్మా," అంది భార్య. చూపు మాత్రం ఆయన జేబుల మీదే ఉంది. నగలు పోయినందుకన్నా, ఆ చూపుకే అల్లుడుగారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల కాపురం ఒక్క పూటలో గంగపాలైనట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే అత్తగారు దిగారు. తెరిచిన భోషాణాన్నీ, చుట్టూ ఉన్న మొహాలనూ చూసి, తాపీగా చేతిసంచీ కింద పెట్టారు.

"నగల కోసమా? అక్కా, అవి నీ భోషాణంలోనే ఉన్నాయి, అడుగున కంబళ్ల కింద. వెళ్లేముందు నా తాళంచెవితో తెరిచి పెట్టొచ్చాను. నువ్వు ఆ కంబళ్లు దులిపిందెప్పుడు గనక?"

పెద్దత్తగారు తాళానికున్న తన తాళంచెవిని లాగి మళ్లీ బొడ్లో దోపుకున్నారు. అల్లుడుగారికి మాత్రం పోయిన ప్రాణం లేచివచ్చింది, దాని వెనకే పౌరుషమూ వచ్చింది.

"అంటే నాకు ఉత్త పెట్టె అప్పగించారా అత్తయ్యా? నామీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"నమ్మకం లేకేం బాబూ," అన్నారు అత్తగారు. "తాళంచెవి పోగొడతారని పూర్తి నమ్మకం."