ఎనిమిది గంటల పరీక్ష, వంటింటి టైమరు

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ రెండూ చాలవని పరీక్ష కనిపెట్టాడు. పరీక్షలన్నిటిలోకీ తలమానికమైనది నెట్‌వర్క్ ల్యాబ్ పరీక్ష. పొద్దున్న కూర్చుంటే ఎనిమిది గంటల్లో, ఎక్కడా లేని ఒక కంపెనీకి, ఎవరూ పనిచేయని పన్నెండు శాఖల మధ్య, ఎవరూ రాయని ఉత్తరాలు చేరేలా దారులు వేయాలి. సాయంత్రానికి అన్నీ సవ్యంగా చేరితే, మర్నాడు వచ్చేవాళ్ళ కోసం ఆ కంపెనీని మళ్ళీ పాడుచేసి పెడతారు. (పాడుచేయడానికి వేరే విభాగం ఉంది. అందులో చేరడానికి వేరే పరీక్ష ఉంది.)

మన కథలోని మనవరాలు ఆ పరీక్షకి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. మొదటిసారి ఆఖరి పేజీ వెనకవైపు కూడా ప్రశ్న ఉందని చూసుకోలేదు. రెండోసారి ఏడు కొట్టాల్సిన చోట ఎనిమిది కొట్టింది. ఆ ఒక్క అంకెతో పన్నెండు శాఖలూ ఒకదానితో ఒకటి మాట మానేశాయి. రాతపరీక్ష ప్యాసైన పద్దెనిమిది నెలల్లో ల్యాబ్ గట్టెక్కకపోతే, అసలు రాతపరీక్షే రాయనట్టు ఆ పరీక్షలు పెట్టే మండలివారి లెక్క. ఆ పద్దెనిమిదో నెల ఆఖరి శుక్రవారానికి మూడో తేదీ దొరికింది.

ఆఫీసులో నెట్‌వర్క్ విభాగాన్ని ఆరేళ్ళుగా నడుపుతున్నది ఆమే, కాకపోతే తాత్కాలికంగా. శాశ్వతమైతే చేతులున్న కుర్చీ, తాత్కాలికమైతే చేతుల్లేనిది. చేతులున్న కుర్చీ ఆరేళ్ళుగా ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా, అలిగినట్టు గోడవైపు తిరిగి కూర్చుంది. ఈసారి కూడా తప్పితే, సర్టిఫికెట్ ఉన్నవాణ్ణెవర్నో తెచ్చి అందులో కూర్చోబెడతామని మేనేజరు చాలా బాధగా, చాలా తొందరగా చెప్పాడు.

అందుకని ఇల్లే పరీక్షాకేంద్రమైంది. ఆఫీసువాళ్ళు పారేసిన నాలుగు పాత రౌటర్లు బీరువా పక్కన కొలువుతీరాయి. అవి విమానం లేచినంత రొద చేసేవి, వెనకనుంచి వేడిగాలి ఊదేవి. ముసురు పట్టిన రోజుల్లో ఇంటిల్లిపాది మేజోళ్ళూ అక్కడే ఆరేవి. పరీక్షగది ఉంది, యంత్రాలు ఉన్నాయి, ఇక కావలసింది పర్యవేక్షకుడు. మనవరాలు మండలివారి నలభై రెండు పేజీల నిబంధనావళి చదివి, ఇంట్లో అందుకు అర్హులెవరో తేల్చుకుంది.

"అమ్మమ్మా, నువ్వు ఆ గదిలో ఆఫీసరులా కూర్చోవాలే."

"నాకేం తెలుసే పిట్టా, ఆ వైర్ల సంగతి?"

"ఏమీ తెలియకూడదు. అదే అర్హత."

"అలాగైతే కూర్చుంటాలే. ఏం మాట్లాడమంటావు?"

"నేనేమడిగినా ఒక్కటే మాట. 'ప్రశ్న మళ్ళీ చదువుకోండి.'"

"ఇంతోటి మాటకి ఒక మనిషా?" అంది అమ్మమ్మ, కానీ అప్పటికే మంచి చీర కోసం లేచింది.

అమ్మమ్మ ఏ పని చేసినా సగం చేసే మనిషి కాదు. వంటింటి టైమరు తెచ్చి ముందు పెట్టుకుంది. పెన్సిళ్ళు లెక్కపెట్టి ఇచ్చింది, లెక్కపెట్టి తీసుకుంది. మంచినీళ్ళ సీసాకి అంటించిన కాగితం కూడా చింపి పారేసింది. వారం తిరక్కుండా ఆ ఒక్క మాటా గది దాటి ఇల్లంతా పాకింది.

"అమ్మా, నా కళ్ళద్దాలు ఎక్కడ చచ్చాయి?" అన్నాడు మేనమామ.

"ప్రశ్న మళ్ళీ చదువుకో నాయనా."

ఆయన విసుక్కుంటూనే మళ్ళీ ఆలోచించుకున్నాడు. కళ్ళద్దాలు ఆయన నెత్తిమీదే ఉన్నాయి. ఆ పూటతో అమ్మమ్మకి మండలి మీద అపారమైన గౌరవం ఏర్పడింది. కారే కుళాయి ఏదని అడిగిన పనివాడికీ ఇదే జవాబు దొరికింది. అతను ఇల్లంతా తిరిగి, కారేదానితోపాటు కారబోయేవి రెండు బాగుచేసి వెళ్ళాడు.

ఈ విద్యలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడో దూరాన ఉన్న రౌటరులో ప్రమాదకరమైన మార్పు చేసేముందు, "పదిహేను నిమిషాల్లో నేను వద్దనకపోతే, నీ అంతట నువ్వే ఆగి మళ్ళీ మొదలవ్వు" అని దానికి చెప్పి పెడతారు. మార్పు వికటించి దానిలోకి వెళ్ళే తలుపు మూసుకుపోయినా, అది మళ్ళీ లేచేసరికి ఆ తప్పు దానికి గుర్తుండదు. ఇది చెప్తే అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది.

"అదేమిటే! తప్పంతా దానికదే మర్చిపోతుందా?"

"తప్పే కాదు, ఒప్పు కూడా మర్చిపోతుంది. దాచమని చెప్పినంతవరకే గుర్తుంటుంది."

"ఎంత పెట్టిపుట్టిందే! నాకు ఎవరూ దాచమనకుండానే, మీ తాత మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న దగ్గర్నుంచీ అన్నీ ఉన్నాయి."

ఆ మధ్యాహ్నమే అమ్మమ్మ నిబంధనావళికి నలభై మూడో పేజీ చేర్చింది. ఆమె చప్పట్లు కొట్టి "దాచావా?" అంటుంది, "దాచాను అమ్మమ్మా" అని జవాబు రానిదే గదిలోంచి ఎవరూ కదలకూడదు. జవాబు ఉత్తుత్తిది కాదు, ముందు వేళ్ళు దాచమనే ఆదేశం కొట్టాలి, తర్వాత నోరు చెప్పాలి. ఇలా రెండు నెలలు. (మేనమామ కూడా భోజనం బల్ల దగ్గర "దాచానమ్మా" అనే లేచేవాడు. ఏం దాచాడని ఎవరూ అడగలేదు.)

శుక్రవారం వచ్చింది. పళ్ళ డాక్టరు మీది అంతస్తులో పరీక్షాకేంద్రం. పర్యవేక్షకుడు ఫ్లాస్కు పట్టుకుని, పెన్సిళ్ళు లెక్కపెడుతూ, అచ్చం అమ్మమ్మ లాగే ఉన్నాడు. చీర ఒక్కటే తక్కువ. నాలుగు గంటలు మనవరాలి చేతులు పరుగులు తీశాయి. ఎనిమిది శాఖలు మాట కలిపాయి. తొమ్మిదో శాఖ రౌటరుకి పదిహేను నిమిషాల గడువు చెప్పి, అసలు మార్పు చేసింది. మార్పు కుదిరింది. ఇక గడువు రద్దు చేయడమే తరువాయి అనుకునేంతలో పర్యవేక్షకుడు చప్పట్లు కొట్టాడు. భోజన విరామం. అందరూ చేతులు పైకెత్తాలి.

"ఒక్క ఆదేశమండీ, ఒక్కటే! అర నిమిషం!"

"ప్రశ్న మళ్ళీ చదువుకోండి."

"ఇది ప్రశ్న కాదండీ, విన్నపం."

"విన్నపం మళ్ళీ చదువుకోండి," అన్నాడాయన, మండలి గర్వించేలాగా.

విరామం ఇరవై అయిదు నిమిషాలు. గడువు పదిహేను. అంటే ఆమె చేతిలో రొట్టె ముక్క ఉండగానే తొమ్మిదో శాఖ ఆగి మళ్ళీ మొదలవుతుంది. దాచి ఉండకపోతే దాని పొద్దుటి బతుకంతా సున్నా. దాచిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. కళ్ళముందు కుర్చీ గోడవైపు తిరిగి కనిపించింది.

"ఏమనుకోకండి," అంది పక్కన కూర్చున్నావిడ. "ఇందాక మీరు ఎవరితో మాట్లాడారు?"

"నేనా? ఎప్పుడు?"

"ఆయన చప్పట్లు కొట్టగానే. 'దాచాను అమ్మమ్మా' అని గట్టిగా అరిచారు. ఆయన ఫ్లాస్కు జారవిడిచేవాడే."

మనవరాలికి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగదు. వేళ్ళు కొట్టకుండా ఆ మాట ఆ నోట్లోంచి రావడం రెండు నెలలుగా ఒక్కసారీ జరగలేదు. కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఇంకో రొట్టె ముక్క అడిగి మరీ తింది. తిరిగి వెళ్ళేసరికి తొమ్మిదో శాఖ నిద్రలేచి, అన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

ఫలితం మాత్రం రాలేదు. అభ్యర్థి "పరీక్షగదిలో లేని వృద్ధురాలితో సంభాషించినట్టు" నివేదిక వెళ్ళింది. విచారణ సంఘం కూర్చుంది. మూడు వారాల తర్వాత ఇంటికి ఫోను చేశారు.

"అమ్మగారూ, మీకు రౌటర్ల గురించి ఏమైనా తెలుసా?"

"ప్రశ్న మళ్ళీ చదువుకో నాయనా," అంది అమ్మమ్మ.

ఆ మాట తమ నిబంధనావళిలోదేనని రాసుకుని, అవతలివాళ్ళు ఫోను పెట్టేశారు. ఆ మర్నాడే ఫలితం విడుదలైంది: ఉత్తీర్ణత.

ఇల్లంతా గంతులు వేసింది. మేనమామ రౌటర్ల మీది మేజోళ్ళు తీసి గాల్లోకి విసిరాడు. శనివారం సర్టిఫికెట్ వచ్చింది. పెద్ద అక్షరాలు అయ్యాక చిన్నవి కూడా చదవమంది అమ్మమ్మ. "ఈ పత్రం మూడేళ్ళు చెల్లును. ఆలోగా తిరిగి పరీక్ష రాయనియెడల, అభ్యర్థి తనకు తెలిసినదంతా మరచిపోయినట్టు మండలి భావించును. గడువు రాతపరీక్ష తేదీ నుండి లెక్కించబడును."

"అంటే ఇప్పటికే సగం మర్చిపోయావన్నమాట," అని అమ్మమ్మ వెళ్ళి వంటింటి టైమరు తెచ్చింది. "మిగతా ఏడాదిన్నరకి దీన్ని ఎన్నిసార్లు తిప్పాలే?"

సోమవారం ఆఫీసులో కుర్చీని గోడవైపునుంచి ఇటు తిప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ కవరు మాత్రం విప్పవద్దని మెల్లగా చెప్పాడు.