తలకిందుల పరీక్ష

ఆ ఉదయం అతని ముందున్నది ఒకటే పని. కారులో పసిపిల్లకు సరైన సీటు కొని, భార్యనూ బిడ్డనూ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. సీటు లేకుండా బిడ్డను కారెక్కించేది లేదని భార్య ముందే తేల్చి చెప్పేసింది.

అతను గాజు సామాను గోదాములో ప్యాకింగ్ మనిషి. కట్టిన ప్రతి పెట్టెనూ తలకిందులు చేసి కుదిపి, చెవి ఆనించి వింటాడు. లోపల గలగలమనకపోతేనే సీలు వేస్తాడు. ఆ అలవాటే కొంప ముంచింది. పుట్టిన బిడ్డను నర్సు అతని చేతుల్లో పెట్టగానే, ఒళ్లు మరిచి ఆ చిన్న మూటను కాస్త పక్కకు వంచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అత్తగారు చూడనే చూసింది. "ఆ చేతులకి నా మనవరాలినిస్తానా!" అంటూ లాగేసుకుంది. అప్పటినుంచి సొంత కూతుర్ని గుమ్మంలో నిలబడి చూడడమే అతనికి మిగిలింది. ఆ బాధ పైకి చెప్పుకోలేదు గానీ, సీటు విషయంలో మాత్రం అత్తగారికి వంక దొరకనివ్వకూడదని గట్టిగా అనుకున్నాడు.

అందుకే ఆసుపత్రి వీధి చివరున్న పిల్లల సామాను దుకాణానికి వట్టి చేతులతో వెళ్లలేదు. బిడ్డంత బరువున్న పిండి సంచిని దుప్పట్లో చుట్టి, పైన ఊలు టోపీ తొడిగి, చంకనేసుకుని వెళ్లాడు.

"అయ్యో, ఎంత బుద్ధిగా పడుకుందో!" అంది సేల్స్ అమ్మాయి.

సీట్ల మీదే కళ్లున్న అతనికి ఆ మాట ఎక్కలేదు. మూటను మొదటి సీటులో పెట్టి బెల్టు బిగించాడు. సీటును రెండు చేతులా పైకెత్తి, తలకిందులు చేసి, గట్టిగా కుదిపాడు. మూట జారి దబ్బున నేల మీద పడింది.

"ఇది పనికిరాదు, ఇంకోటి చూపించండి."

అమ్మాయి నేల మీది మూటనే చూస్తూ రెండో సీటు చూపించింది. అందులోంచి కూడా మూట జారి పడింది.

"సార్... పాప..."

"ఏం ఫర్వాలేదమ్మా, ఇంట్లో ఇంకోటుంది."

ఆ అమ్మాయి ఘొల్లుమని ఏడుపందుకుంది. మూడో సీటు దగ్గరికొచ్చేసరికి చుట్టూ జనం మూగారు. మేజోళ్లు బేరమాడుతున్న అతని ఇంటి పై వాటా ఆవిడ కూడా అది చూసింది. చూసి, దగ్గరికి వచ్చి అడగకుండా అతని అత్తగారికి ఫోన్ చేసింది.

"మీ అల్లుడు పసిదాన్ని తలకిందులు చేసి కుదిపేస్తున్నాడండీ! రెండుసార్లు కింద పడేశాడు కూడా!"

అత్తగారు ఆవేశం ముందు, ఆలోచన తర్వాత అన్న తరహా మనిషి. "అయ్యో నా మనవరాలు!" అని గుండెలు బాదుకుంది. ఒళ్లో ఉన్న మనవరాల్ని కూతురి ఒళ్లోకి తోసి, వీధి చివరి దుకాణం వైపు పరుగు తీసింది.

"అమ్మా! పాప ఇక్కడే ఉంది కదే!" అన్న కూతురి కేక ఖాళీ గుమ్మానికే వినపడింది.

ఆవిడ వచ్చేసరికి అల్లుడు మూడో సీటును తలకిందులుగా ఊపుతున్నాడు. ఈసారి మూట కదల్లేదు. అతని మొహం వెలిగిపోతోంది.

"వదలండి నా తల్లిని!" అంటూ అత్తగారు మూటను పట్టుకుంది.

"అత్తయ్యగారూ, అది..."

"మాట్లాడకండి!"

ఆవిడ లాగింది. బెల్టు వదల్లేదు. సీటును నేలకు దించి, దానికి కాలు తన్నిపెట్టి, ఉన్న బలమంతా కూడదీసి మళ్లీ లాగింది. బెల్టు అలాగే ఉంది. దుప్పటి జారి, సంచి మాత్రం నిలువునా చిరిగింది.

పిండి గుప్పున లేచింది. అత్తగారు నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా అయిపోయింది. సీటు వెనకున్న అల్లుడి మీద రేణువైనా పడలేదు.

"పిండా?" అంది సేల్స్ అమ్మాయి ఏడుపు ఆపి.

"మరి పాప?" అంది అత్తగారు.

"మీ దగ్గరే కదండీ."

"అవును," అంది ఆవిడ మొహం మీది పిండి తుడుచుకుంటూ. "నా ఒళ్లోనే ఉండింది."

జనంలో ఒకాయన వంగి బెల్టు పట్టి చూశాడు. "అంత లాగినా ఊడలేదండోయ్!" అన్నాడు. చూస్తుండగానే ఆ రకం సీట్లన్నీ అమ్ముడైపోయాయి. పిండి కొట్టుకుపోయిన ఆ ఒక్కటీ మిగిలింది. "పాడుచేశారుగా, దీన్ని మీరే కొనాలి!" అని మేనేజరు కళ్లెర్రజేశాడు. అల్లుడు మారుమాట్లాడకుండా కొనేశాడు. అతనికి కావలసిందీ అదే మరి.

ఆసుపత్రి గదిలో భార్య తన తల్లిని చూసి నోరెళ్లబెట్టింది. "ఏమిటే అమ్మా ఈ అవతారం?"

"సీటు మంచిదే. నేను లాగి చూశాను," అంది అత్తగారు గంభీరంగా.

ఇంతలో ఉయ్యాలలో బిడ్డ కేర్‌మంది. అత్తగారు రెండు చేతులూ చాచి, తన ఒంటినిండా ఉన్న పిండి చూసుకుని ఆగిపోయింది. కూతురు మంచం పట్టుకుని ఇంకా మెల్లగా లేస్తోంది. బిడ్డ ఏడుపు పెద్దదైంది. అత్తగారు అల్లుడి వైపు తిరిగింది.

"మీరే ఎత్తుకోండి బాబూ."

అతను నమ్మలేనట్టు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ తలూపింది. వంగి బిడ్డను ఎత్తుకున్నాడు. గుండెకు ఆనించుకోగానే ఏడుపు ఆగింది, అతని కళ్లు నిండాయి. కాసేపటికి అతని తల మెల్లగా బిడ్డ వైపు ఒరిగి, చెవి దగ్గరైంది.

"మెల్లగా బాబూ," అంది అత్తగారు. "ఇది పిండి కాదు."