నాలుగు వేళ్ల ఎత్తు

ఆ ఉదయం ఇంట్లో అనుకున్నది ఒక్కటే: పదింటికల్లా మామగారిని ఆసుపత్రికి చేర్చడం. జబ్బు ఎముకల్లోకి పాకింది. కిందటి వారం ఆయన రానని మొండికేశారు. ఈ వారం కూడా చికిత్స తప్పితే ఇక తను చేసేదేమీ ఉండదని డాక్టర్ కోడలితో తేల్చి చెప్పాడు.

వెళ్తే తన కారులోనే వెళ్తానంటారు ఆయన. దర్జీగా ఉన్న రోజుల్లో ఒక కస్టమర్ మూలన పడేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కొని, సీట్లు తనే కుట్టుకున్నారు. చూడముచ్చటైన బండి. దాని సస్పెన్షన్ మాత్రం బండరాయి. వీధి చివరి గుంతలో చక్రం పడగానే ఆయన పెట్టే కేక వీధంతా వినబడేది. అందుకే కొడుకు దానికి మెత్తటి స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించాడు. మామగారు పెట్టిన షరతు ఒక్కటే: బండి ఎత్తు మారకూడదు.

మెకానిక్ పొద్దున్నే బండి తెచ్చాడు. మామగారు కోడలి భుజం పట్టుకుని బయటికొచ్చి, టైరుకూ దాని పైనున్న రేకుకూ మధ్య నాలుగు వేళ్లు దూర్చారు. వేళ్లు వదులుగా ఆడాయి.

"ఎత్తు లేపావు కదరా!"

"లేదు మాస్టారూ. విప్పేముందు కొలిచాను, బిగించాక కొలిచాను. టేపు పెట్టి చూపిస్తా, చూడండి."

"టేపు సాగుతుందిరా. వేళ్లు సాగవు. కొన్ననాటి నుంచి నా నాలుగు వేళ్లూ ఇక్కడ బిగుతుగా పట్టేవి. బట్టయినా బండయినా, కొలత తప్పితే అది ఇంకొకడిది. నేనెక్కను."

చిన్నప్పటి నుంచి ఆయన కుట్టిన ప్యాంట్లే తొడిగిన మెకానిక్ అంతకుమించి ఎదురు చెప్పలేకపోయాడు. గొడవ వదిలించుకోవడానికి ఒక అబద్ధమాడాడు. "కొత్త స్ప్రింగులు కదా మాస్టారూ. కాసేపు బరువు పెడితే కూర్చుంటాయి."

కొడుకు పూలకుండీలు ఎక్కించాడు. చాలలేదు. ఇటుకలు పేర్చాడు. వేళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"కుట్టుమిషను పెడదామా నాన్నా? మొత్తం ఇనుమే కదా."

మామగారి ముఖం నల్లబడింది. తను పోయాకే ఆ మిషను గడప దాటుతుందని వీధిలో ఆయన చెప్పని మనిషి లేడు. "కానివ్వు" అని, ఆ దృశ్యం చూడలేక గదిలోకి పోయి ముసుగుతన్ని పడుకున్నారు.

మిషను గడప దాటడం ఎదురింటావిడ చూసింది. పరుగున వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. తల నుంచి పాదాల దాకా దుప్పటి. ఇక ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగి బాధపెట్టడం ఎందుకనుకుంది.

కోడలు మందుల సంచి సర్దుకుని వచ్చేసరికి వాకిలి నిండా జనం. అద్దె కుర్చీలు దిగుతున్నాయి. ఒకాయన చేతిలో పూలదండ.

"ధైర్యంగా ఉండమ్మా," అంటూ ఎదురింటావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆసుపత్రికి నేనే ఫోన్ చేసి చెప్పేశాను, ఇక రారని. పదింటి టైము ఇంకెవరికో ఇచ్చేశారట. పోనీలే, పోతూ పోతూ ఒకరికి సాయపడ్డారు."

కోడలు చెయ్యి విడిపించుకుంది. "ఆయన లోపల పడుకున్నారండీ!"

"అవునమ్మా. అలాగే అనుకోవాలి."

కుర్చీల చప్పుడుకు మామగారు లేచి గుమ్మంలోకి వచ్చారు. జనం గుడ్లు తేలేశారు. దండ పట్టుకున్నాయన దాన్ని వీపు వెనక్కి దాచాడు. మామగారు ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా కారు దగ్గరికి నడిచి వేళ్లు దూర్చారు. బిగిశాయి.

"ఇదీ నా బండి! పద."

"ఎక్కడ కూర్చుంటావు నాన్నా? నీ సీట్లో మిషనుంది. తీస్తే మళ్లీ లేస్తుంది."

కోడలు ఆయన చేతినే చూస్తోంది. ఉంగరం జారిపోతోందని నిన్ననే దానికి దారం చుట్టింది. కారు అరలోంచి ఆయన తోలు గ్లౌజులు తీసింది. ఒంట్లో బాగున్నప్పుడు, చర్మంలా అతుక్కునేలా కొలత తీసుకుని ఆయన కుట్టుకున్నవి.

"ఒక్కసారి తొడుక్కోండి మామయ్యగారూ."

తొడుక్కున్నారు. ప్రతి వేలి దగ్గరా తోలు ఖాళీ సంచిలా వేలాడింది. ఆయన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. కొలత ఎక్కడ తప్పిందో దర్జీకి ఇంకొకరు చెప్పాలా?

"వేళ్లు సాగవన్నాను," అన్నారు చివరికి మెకానిక్‌తో. "చిక్కవని అనలేదు కదరా. దింపండి, ఆ మిషను."

సంతాపానికి వచ్చినవాళ్లే మిషను, ఇటుకలు, కుండీలు దింపారు. కోడలు ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"ఆయన పోయారని ఇందాకే చెప్పారు కదండీ!" అంది అవతలి గొంతు.

"పోలేదు. బయల్దేరుతున్నారు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "సరే, అందరి తర్వాత చూస్తాం. ఆయన స్వయంగా వస్తేనే సుమండీ."

అందరూ గేటు దగ్గర నిలబడి చూస్తుండగా, కొడుకు నడుపుతున్న కారు వీధి చివరికి వెళ్లి, గుంతలో దిగి లేచింది. జనం అలవాటుగా కేక కోసం చెవులు రిక్కించారు. ఏమీ వినబడలేదు. కిటికీలోంచి వదులు గ్లౌజు ఒకటి బయటికొచ్చి ఊగడం కోడలు ఒక్కతే చూసింది.

ఎదురింటావిడ నిట్టూర్చి, కుర్చీలవాడితో మెల్లగా అంది: "అవి అప్పుడే తీసుకుపోకు నాయనా."