వానను ఆపే ఆడపిల్లలు

ఏమప్పా, ఫ్యాను కింద కూర్చొని పేపరు తిరగేస్తున్న పెద్దమనిషీ! కరువు గురించి నీకేం తెలుసు? కరువు కంటే పెద్ద కష్టం, కరువుకు కారణం చెప్పడం!

ఇన్నాళ్లూ మా ఊళ్లో అదే తిప్పలు. దేవుణ్ని అందామంటే భయం. గవర్నమెంటును అందామంటే పింఛను పోతుందేమోనని ఇంకా భయం. ఆఖరికి గాడిదలకు పెళ్లి చేశారు. డీజే పెట్టారు, బిర్యానీ తిన్నారు. చినుకు రాలలేదు. పోనీ గాడిదలను తిడదామా? అవి పట్టించుకోవే!

అప్పుడు దిగింది సువర్ణ, సాక్షాత్తూ వరంలాగా! ధర్మవరం మగ్గాలింటి పిల్ల. పట్టుదారం పట్టాల్సిన చేత్తో లావు తాడు పట్టింది. కొండలెక్కడం నేర్చుకొచ్చి, సోమందేపల్లె దగ్గర మా ఊరి బోడికొండ మీద ఆడపిల్లలకు రాక్ క్లైంబింగ్ స్కూలు పెట్టింది. ఈ చుట్టుపక్కల ఇలాంటిది ఎవరూ చూడలేదు, వినలేదు.

ఊరి పెద్ద కుళ్లాయప్పకు కారణం దొరికింది! టీ అంగడి దగ్గర తీర్పు చెప్పేశాడు.

"ప్యాంట్లేసుకోని ఆడపిల్లోళ్లు కొండ నెత్తిన నిలబడితే మోడం యాడ దిగల్లప్పా? సిగ్గుపడి కర్ణాటకకు పోతాండాది!"

ఎంత సైన్సు! అదే కొండ మీద మగవాళ్లు పేకాడినప్పుడు, మందు పెట్టి బండలు పేల్చినప్పుడు సిగ్గుపడని మేఘం పిల్లల ప్యాంట్లు చూసి సిగ్గుపడిందంటే, దానికెంత సంస్కారం!

తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. స్కూలు మూతపడేలా ఉంది. సువర్ణ నేరుగా కుళ్లాయప్ప దగ్గరికే పోయింది.

"బేస్తవారం దాకా ఆగు పెద్దనాయనా. ఆ పొద్దుకు వాన రాకుంటే నేనే ఊరిడిసి పోతా."

"పోమ్మా పో. తాళ్లు మాత్రం ఈడనే పెట్టిపో, ఎనుములు కట్టేకి పనికొస్తాయి."

తడిసిన బండ మీద కాలు నిలవదు. అందుకే కొండలెక్కేవాళ్లు పళ్లు తోముకోకముందే ఫోన్‌లో వాతావరణం చూసుకుంటారు. కుళ్లాయప్ప ఫోన్‌లో చూసేది రీల్సు.

బేస్తవారం పొద్దున్నే, మిగిలిన నలుగురు పిల్లలూ కొండెక్కి దిగేశారు. మధ్యాహ్నానికి కుండపోత!

సాయంత్రం కుళ్లాయప్ప పసుపు, కుంకుమ, పూలదండతో ప్రత్యక్షం. దండ గాడిదకు వేసినదాని కంటే పెద్దదే.

"తల్లీ, చెనిక్కాయ విత్తనమెయ్యల్ల. ఇంగో వాన పడేటట్ల పిల్లోళ్లను ఎక్కించు, నీకు పున్నెముంటాది!"

"ఎక్కిస్తా పెద్దనాయనా. అయితే ఊరి పెద్ద ఇంటి పిల్ల ముందెక్కితేనే కొండ మాట వింటాది" అంది సువర్ణ, నవ్వు బిగబట్టుకొని.

మర్నాడే, బండ ఆరగానే, కుళ్లాయప్ప తన మనవరాలు ఆశ్రితను బండి మీద తెచ్చి దింపాడు. ఆ పిల్ల నడుముకు బెల్టు బిగించి, ఎవరూ చూపించకముందే తాడుకు ముడేసి, బల్లిలాగా బండెక్కేసింది.

"సూసినారా, మా వంశం రక్తం! ఎవురూ నేర్పకుండానే వచ్చేసింది!" అని తాత మీసం తిప్పాడు.

పిల్లలంతా మొహాలు తిప్పుకొని నవ్వారు. నెత్తిన హెల్మెట్టుంటే ఎవరి మనవరాలో కిందినుంచి ఏం తెలుస్తుంది? లెక్కల ట్యూషనని చెప్పి నెలల తరబడి ఆశ్రిత వస్తున్నది ఈ కొండకే. "ఒక్కరోజు కూడా ఎగ్గొట్టాకు" అని రోజూ ఇంట్లోంచి తరిమింది కూడా ఆ తాతే!